మోత చేసే మిషను

“టూ స్టేజ్‌దే పెట్టించండి,” అన్నారు మామగారు మళ్ళీ.

మెకానిక్ ముందు అల్లుడికి తల కొట్టేసినట్టయింది. దడదడలాడుతూ ఇంటినంతా వెచ్చగా ఉంచే పాత హీట్ పంపు ఆదివారం నాడు ప్రాణం విడిచింది. అప్పట్నుంచీ ఇల్లు మంచుముద్దయి కూర్చుంది. కొత్తది ఏది కావాలో ఇవాళ తేల్చేస్తే రేపు బిగించేస్తానని మెకానిక్ హాల్లో నిలబడ్డాడు. అల్లుడు ఇన్వర్టర్‌దే అని ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు. కానీ భార్య, “నాన్న కూడా సరేనంటేనే. చలికి ఎక్కువ బాధపడేది ఆయనే కదండీ,” అని మెలిక పెట్టింది. ఆ నాన్నేమో పట్టిన పట్టు వదలడం లేదు. పైగా ఆయనకి చెవుడు. ఆయనతో ఒక్క ముక్క చెప్పాలంటే వీధి వీధంతా వినాల్సిందే.

“మామయ్యగారూ,” అని అల్లుడు గొంతు చించుకున్నాడు. “ఇన్వర్టరంటే కరెంటు పోతే వాడే బ్యాటరీ కాదు. ఇది వేరు.”

“తెలుసు అల్లుడుగారూ.”

“ఏం తెలుసో ఏమో,” అని గొణిగి, మెకానిక్ వైపు తిరిగాడు. “నువ్వన్నా చెప్పవయ్యా.”

మెకానిక్ కూడా గొంతు పెంచాడు. “టూ స్టేజ్‌కి రెండే పద్ధతులు పెద్దాయనా. సగం జోరు, లేకపోతే పూర్తి జోరు. చలి ముదిరిందంటే ఇక దడదడలాడిపోతుంది. ఇన్వర్టర్ అలా కాదు, ఎంత అవసరమో అంతే తిరుగుతుంది. నడుస్తోందో లేదో కూడా తెలీదు.”

మాటలతో పని కాదనుకున్నాడేమో, ఫోన్ తీసి, సౌండు పూర్తిగా పెంచి రెండు మిషన్ల వీడియోలూ పెట్టాడు. మొదటిది ఇన్వర్టర్‌ది, సన్నగా గాలి వీస్తున్నట్టుంది, అంతే. రెండోది, టూ స్టేజ్‌ది, మిక్సీలో గులకరాళ్ళు వేసి తిప్పినట్టుంది.

“అదే, ఆ రెండోదే,” అన్నారు మామగారు ఠక్కున. “పాతది ఉన్నచోటే పెడతారా? నా గదికీ వీళ్ళ గదికీ మధ్యలో?”

“అక్కడే పెద్దాయనా.”

“అయితే అదే పెట్టు నాయనా.”

అల్లుడికి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆ మంట నోట్లో ఆగలేదు. “చూశావా? ఆయనకి వినిపించింది అదొక్కటే. అందుకని అదే కావాలట,” అన్నాడు మెకానిక్‌తో, మామూలు గొంతుతో. “ఈ చాదస్తంతో వేగలేకే కొడుకు చేతులు దులుపుకున్నాడు. తెచ్చి మా నెత్తిన పెట్టాడు.”

మెకానిక్ వంగి, చేతిలో ఉన్న కొలతల టేపు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. మామగారు శాలువా సర్దుకుని నెమ్మదిగా తన గదిలోకి వెళ్ళిపోయారు.

టీ కప్పులతో వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య అంతా విన్నది. “పరాయివాడి ముందు అనే మాటేనా అండీ అది?” అంది. “నాన్నకి వినపడదు కాబట్టి సరిపోయింది.”

అల్లుడికి సిగ్గేసింది. అనేటప్పుడు రాదు కదా ఆ సిగ్గు, అన్నాక తీరిగ్గా వస్తుంది. నిజానికి కొత్తగా అన్నదేం లేదు. ‘మీ నాన్నని ఎన్నాళ్ళు భరించాలి, మీ అన్నయ్యకి బాధ్యత లేదా’ అని పడగ్గదిలో రోజూ అనేదే. ‘మెల్లగా అండీ’ అని ఆవిడ అంటే, ‘ఆయనకేం వినపడుతుందిలే’ అని గొంతు ఇంకాస్త పెంచేవాడు కూడా. తలుపేసుకుని అన్నప్పుడు ఇంత నీచంగా అనిపించలేదు. ఇప్పుడు మెకానిక్ మొహం చూడ్డానికి మొహం చెల్లలేదు.

కనీసం దగ్గర కూర్చుని మర్యాదగా నచ్చచెబుదామని మామగారి గదిలోకి వెళ్ళాడు. ఆయన మంచం మీద కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. పాత మిషను ఆగిపోయిన దగ్గర్నుంచీ ఈయన వరస ఏమిటో అంతుపట్టడం లేదు. రాత్రి భోజనం కాగానే బయట మెట్ల మీదకి పోతున్నారు, అల్లుడూ కూతురూ నిద్రపోయాక గాని లోపలికి రావడం లేదు. అడిగితే గాలి కోసమంటారు. ఎముకలు కొరికే ఆ గాలిలో ఏముందో ఆయనకే తెలియాలి.

అల్లుడు మంచం అంచున కూర్చున్నాడు. గోడ అవతల తమ పడగ్గదిలోకి మెకానిక్ కొలతలకి వెళ్ళినట్టున్నాడు. “ఈ బీరువా కాస్త జరపాలి మేడం,” అన్నాడు. “ముందు టీ తాగు బాబూ, చల్లారిపోతుంది,” అంది భార్య. పక్కనే నిలబడి మాట్లాడుతున్నట్టు వినిపించాయి మాటలు, కప్పు సాసర్లో పెట్టిన చప్పుడుతో సహా. అల్లుడు గోడకేసి చూశాడు. ఇన్నాళ్ళూ ఇటుకల గోడ అనుకున్నాడు, తీరా చూస్తే అట్టముక్కలా ఉంది. రాత్రిళ్ళు అవతల తను అనే మాటలు గుర్తొచ్చాయి. ఆయనకి వినపడదు కదా అని మనసుకి సర్దిచెప్పుకుని, ఆయన చెవి దగ్గరకి వంగాడు.

“ఇన్వర్టర్‌దే పెట్టిస్తాను మామయ్యగారూ,” అని అరిచాడు. “ఇల్లంతా చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉంటుంది. మీరు హాయిగా నిద్రపోవచ్చు.”

మామగారు ఇటు తిరిగారు. మొహంలో కోపమేం లేదు. తప్పు చేసి దొరికిపోయినవాడు తనే అయినట్టు కళ్ళు దించుకున్నారు.

“అరవక్కర్లేదు అల్లుడుగారూ,” అన్నారు మెల్లగా. “మిషను మోగుతున్నంతసేపే నాకు చెవుడు.”