మూడో ఈల

"బంతి ఎర్రజట్టుది!" అంటూ భర్త చెయ్యి ఇటు చూపించాడు.

"కాదు, నీలం జట్టుది!" అంటూ భార్య చెయ్యి అటు చూపించింది.

రెఫరీలిద్దరూ చెరో దిక్కూ చూపిస్తే మిగిలేది జంప్ బాల్. ఇద్దరు పిల్లల మధ్య బంతిని పైకి ఎగరెయ్యడమే. ఈ దంపతులు ఈలలు ఊదే హైస్కూలు బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లలో బంతి నేల మీద కన్నా గాల్లోనే ఎక్కువ ఉండేది.

వాళ్ళ పరిచయం ఆ కోర్టులోనే. ఆయన ఆవిడ బుట్టలో పడిందీ అక్కడే. ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది ఆ పెళ్ళి ఒక్కదాని మీదే. ఇంట్లో జంప్ బాల్ లేదు. అక్కడ బంతి ఎప్పుడూ ఆవిడదే.

అందుకే, ఇకమీదట మ్యాచ్‌కి ముగ్గురేసి రెఫరీలు ఉండాలని సంఘం సమావేశంలో మాట రాగానే అందరికంటే ముందు ఆయన చెయ్యెత్తాడు. ఇద్దరికీ పేచీ వస్తే మూడో మనిషి మాటే చెల్లుతుందట. జీవితంలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పెళ్ళాం మీద తన మాట నెగ్గితే చాలు!

"మూడో రెఫరీని నేను తెస్తానండీ," అన్నాడు కార్యదర్శితో. "పెద్దావిడ. డ్రిల్లు టీచరుగా రిటైరయ్యారు. నాదీ పూచీ."

భార్య పక్కనుంచి నవ్వింది. "తెచ్చుకో. తర్వాత ఏడిస్తే మాత్రం నేను ఓదార్చను."

ఫైనల్ రోజు వచ్చింది. ఒకరు బుట్ట కింద, ఒకరు వెనకాల, సైడ్‌లైన్ మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ. కోర్టులో దిగాక వరసలు బంద్. అందరూ సార్లే, మేడమ్‌లే.

మొదటి పేచీ. పెద్దావిడ చెయ్యి భార్య చూపించిన వైపే లేచింది.

రెండో పేచీ. మళ్ళీ అటే.

"సారుకి డిపాజిట్టు గల్లంతు!" అని గ్యాలరీలోంచి ఎవరో అరిచారు. కోర్టంతా నవ్వు.

ఆఖరి నిమిషం. నీలం జట్టు ఒక్క పాయింటు ముందుంది. బంతి సరిగ్గా ఆయన బూట్ల ముందు గీత దాటింది. ఆయన ఎరుపన్నాడు. ఆవిడ నీలమంది. అందరి కళ్ళూ పెద్దావిడ మీద. ఆయన కళ్ళు మరీ జాలిగా.

మూడో ఈల మోగింది. "నీలం!"

"మేడమ్! నా కాళ్ళ దగ్గరే దాటింది!"

"అయితే కాళ్ళతో చూశారా సార్?"

నీలం జట్టు కప్పు ఎత్తుకుంది. ఆయన మొహం దించుకుని స్కూటర్ల దగ్గరికి నడిచాడు. వెనకాల ఆడవాళ్ళిద్దరూ కులాసాగా కబుర్లాడుకుంటూ వచ్చారు.

"ఒక్కటి! ఒక్కటి నా వైపు చూపిస్తే చెయ్యి అరిగిపోయేదా?" అన్నాడు ఉక్రోషంగా.

పెద్దావిడ మెళ్ళో ఈల తీసి సంచిలో వేసుకుని, తువ్వాలుతో ఆయన నుదుటి చెమట తుడిచింది.

"నా కడుపున పుట్టావు కదా అని, నా కోడలు చెప్పిన ఒప్పుని తప్పనమంటావుట్రా?"