మీటరుకి చుట్టిన తువ్వాలు

గాజువాక దగ్గర ఆ వీధిలో తలుపులన్నీ గాలిలో కాలుష్యం కొలిచే మీటరు చెప్పుచేతల్లో ఉంటాయి. నంబరు రెండు వందలు దాటిందంటే గడియలు వాటంతటవే పడిపోతాయి. ఈసారి పడి పదకొండు రోజులైంది.

ఆ మీటరు ఉన్నది సన్యాసిరావు ఇంటి గోడకే. అసలే కొంటె మనిషి, పైగా ఊసుపోక చచ్చిపోతున్నాడు. వెంటిలేటర్లోంచి చెయ్యి చాపి మీటరుకి తడి తువ్వాలు చుట్టేశాడు. మూడు వందల నలభై కాస్తా తొంభైకి దిగింది. వీధి తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. పిల్లలు కేకలేస్తూ రోడ్డెక్కారు. సన్యాసిరావు అరుగు మీద కూచుని లోలోపల నవ్వుకున్నాడు, ఎదురింటి పైడమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చేదాకా. ఒంటరి మనిషి. ఊపిరితిత్తులు ఎప్పుడో సగం పాడయ్యాయి.

నాలుగడుగులకే ఆవిడ ఆయాసంతో కూలబడింది. సన్యాసిరావు పరిగెత్తాడు.

"అప్పా, లోపలికి పద! ఆ నంబరు అబద్ధం. నానే తువ్వాలు సుట్టీసేను."

"తెలుసురా ఎదవా," అంది పైడమ్మ రొప్పుతూ. "గడప దాటగానే నా గుండె సెప్పీసింది."

"మరెందుకొచ్చేవు?"

"మడిసి మొకం సూసి పదకొండ్రోజులైంది."

సన్యాసిరావు పిల్లల్ని ఇళ్లలోకి తోలి, తువ్వాలు లాగేశాడు. నంబరు పైకెక్కుతుంటే పైడమ్మని ఎత్తుకుని ఆవిడ ఇంట్లోకే నడిచాడు. వెనక గడియ పడింది.

"మల్లీ ఎన్నాళ్లకి తెరుస్తాదో ఏటో, ఎర్రోడా," అంది పైడమ్మ.

"తెరిసినప్పుడే ఎల్తాను. ముందు ఆక్సిజనెట్టుకో అప్పా."