ఊరు చూడ్డానికొచ్చినట్టు

"నవ్వండమ్మా," అన్నాడు డ్రైవరు, ఆమె ఫోను అడ్డంగా పట్టుకుని. "అలా కాదు. గుర్తింపు కార్డులో నవ్వినట్టుంది. ఊరు చూడ్డానికొచ్చినట్టు నవ్వండి."

ఆమె పెదవులు ఇంకాస్త సాగదీసింది. వెనకాల పాత రాజధాని కోటగుమ్మం, పక్కన నోళ్ళు తెరుచుకున్న ఫిరంగులు. ఆమె ముఖంలో కంటే వాటిలోనే కాస్త కళ ఉంది.

"లాభం లేదు. ఇది పట్టుకోండి," అంటూ డిక్కీలోంచి ఎర్ర గొడుగు తీశాడు. "ఈ గొడుగుంటే ఎవరైనా షికారుకొచ్చినట్టే ఉంటారు. పిడి మాత్రం పట్టుకోకండి..."

అతని మాట పూర్తికాకముందే పిడి ఊడి ఆమె చేతికొచ్చేసింది. ఆమెకి నిజంగానే నవ్వొచ్చింది. డ్రైవరు గబగబా పిడి దూర్చేసి, ఆ నవ్వు ఆరకముందే ఫొటో తీశాడు.

"ఫొటోలు ఆస్పత్రి పనయ్యాక తీసుకోవచ్చుగా అన్నా? ఆలస్యమవుతుందేమో."

"అయ్యాక నవ్వు రాదమ్మా. బలవంతాన నవ్వితే ఇంట్లోవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఏళ్ళ తరబడి చూస్తున్నాగా. ఊరు చూసేవాళ్ళకి వేరే కార్లున్నాయి. నా బండెక్కేది ఇంట్లో చెప్పకుండా ఆస్పత్రికొచ్చేవాళ్ళే."

"అంతమందున్నారా?"

"మన సముద్రపొడ్డున వీధికొకరైనా ఉన్నారు. ఆడవాళ్ళు గొడుగుతో ఫొటో దిగుతారు. మగవాళ్ళకి సిగ్గు. ఎండకి పట్టుకుంటారు, ఫొటో అనగానే నా చేతికిచ్చేస్తారు."

ఇంట్లో చెప్పకపోవడానికి ఆమె కారణం ఆమెకుంది. భర్త ఓడరేవులో కాటా గుమాస్తా. లారీలకి లారీలు తూకం వేయించే మనిషి, ఆమెకి ఒళ్ళు వెచ్చబడితే చాలు నీరుగారిపోతాడు. థర్మామీటరు చూడమంటే చేతులు వణుకుతాయి. అలాంటి వాడికి పొట్టలో గడ్డ సంగతి ఏ నోటితో చెబుతుంది? అందుకే యూనిఫారాలు కుట్టే దుకాణంలో తోటివాళ్ళంతా పాత రాజధాని చూడ్డానికి వెళ్తున్నారనీ, తనూ వెళ్తాననీ అడిగింది.

"వెళ్ళిరా. పోయిన నెల నేను చూశాగా, బాగుంటుంది," అన్నాడు.

ఆఫీసువాళ్ళందరితో బస్సులో వెళ్ళొచ్చానని చెప్పాడు ఆయన. కోటగుమ్మం దగ్గర, అద్దాల మహల్లో, గడియార స్తంభం కింద ఫొటోలు దిగాడు. అన్నింట్లోనూ ఒక్కడే.

"మీ ఆఫీసులో అందగాడు మీరొక్కరేనా?" అని అప్పుడు ఆటపట్టించింది కూడా. వచ్చినప్పటినుంచీ భోజనం సగంలో లేచిపోతుంటే, అక్కడి హోటలు రుచి మరిగి తన వంటకి వంకలు పెడుతున్నాడని ఉడుక్కుంది.

ఇవాళ ఆ ఫొటోలే ఆమెకి దారి చూపించాయి. ఆయన నిలబడ్డ చోటల్లా వెతుక్కుని నిలబడింది. గడియార స్తంభం కిందికొచ్చేసరికి నవ్వడం కాస్త అలవాటైంది.

తర్వాత ఆస్పత్రికి వెళ్ళారు.

"వెంట ఎవరూ రాలేదా?" అడిగాడు డాక్టరు.

"లేదండీ. ఏదైనా నాతోనే చెప్పండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "చాలా ముదిరాక వచ్చారమ్మా. ఇప్పుడిక నొప్పి తెలియకుండా మందులివ్వడమే. పిల్లలున్నారా?"

"ఒక్కతే పాప. రెండో తరగతి."

"పాపని చూసుకోడానికి?"

"వాళ్ళ నాన్నున్నారు."

"అయితే ఆయనకి త్వరగా చెప్పండి. ఇద్దరూ కలిసి పాప సంగతి ఆలోచించుకోవాలి."

తిరుగుదారిలో డ్రైవరు ఆమె ముఖం కనబడకుండా ముందున్న అద్దాన్ని పైకి తిప్పేశాడు. ఆమె ఏడ్చింది. కోట దాటి, పొలాలు దాటి, ఉప్పుగాలి ముఖానికి తగిలేదాకా ఏడుస్తూనే ఉంది. చచ్చిపోతానన్న భయం కంటే, పాప జడలు ఎవరేస్తారన్న బెంగే ఎక్కువ బాధపెట్టింది.

ఆ బెంగ పట్టుకునే మెల్లగా కూడదీసుకుంది. జడలు ఆయనకొచ్చు, వంకరగానైనా వేస్తాడు. లెక్కలు తనకంటే బాగా చెబుతాడు. వంటే రాదు, రేపట్నుంచి నేర్పాలి. పిరికివాడే, కానీ పాపని గుండెలమీద పెట్టుకుంటాడు. తల్లి పోయినా తండ్రి ఉంటాడు. దేవుడు తన దగ్గరనుంచి అన్నీ లాక్కున్నా అదొక్కటీ వదిలేశాడు. ఆ ఒక్కదాన్నీ గట్టిగా పట్టుకుంది.

వీధి మొదట్లో డ్రైవరు కారాపి నీళ్ళసీసా ఇచ్చాడు. "ముఖం కడుక్కోండమ్మా. ఫొటోల్లో ఉన్నట్టే ఇంట్లోకెళ్ళండి."

అలాగే వెళ్ళింది. ఇవాళ్టికి నవ్వుతూ గడిపేసి, రేపు పాప బడికెళ్ళాక ఆయనకి చెప్పాలనుకుంది.

గుమ్మంలోనే పాప ఫోను లాక్కుంది. "నాన్నా, అమ్మ చూడు, ఎర్ర గొడుగేసుకుని ఎంత బాగా నవ్విందో!"

భర్త కుర్చీలోంచి లేవకుండానే ఫోను అందుకున్నాడు. కోటగుమ్మం ఫొటో దగ్గర ఆగిపోయాడు. పాప పక్క ఫొటోకి జరపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాగా రాలేదా?" అందామె.

"బాగుంది." పాప వైపు తిరిగాడు. "పాపా, నువ్వెళ్ళి అమ్మకి మంచినీళ్ళు పట్టుకురా."

పాప వంటింట్లోకి పరిగెత్తింది. ఆయన రెండు వేళ్ళతో ఫొటోలోని గొడుగుని పెద్దది చేసి చూశాడు.

"గొడుగెవరిది?" అడిగాడు.

"మా దుకాణంలో అమ్మాయిది. ఎండగా ఉందని ఇచ్చింది."

ఆయన తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు.

"పిడి ఇంకా ఊడొస్తోందా?"