నేత ఆపిన మాత్ర

కొమురమ్మను చేతులు చాపమని, వేళ్ళ మీద ఒక కాగితం పరిచాడు జనార్దన్ డాక్టరు. కాగితం రెపరెపలాడింది. గదిలో చూస్తే ఆకు కదిలేంత గాలి కూడా లేదు.

నాడి పట్టుకున్నాడు. ఉరుకుతోంది. గుడ్లు ముందుకు పొడుచుకొచ్చాయి. మెడ మీద నిమ్మకాయంత గడ్డ. చెమటలు కారిపోతున్నా ఒంటి చుట్టూ కప్పుకున్న గొంగడి మాత్రం తీయదు. మగ డాక్టరు ముందు సిగ్గు కాబోలనుకున్నాడు.

"గంపెడు తింటది దొరా. గవ్వంత గూడ ఒంటికి పట్టది," అంది అత్త సాయమ్మ. కోడలి మాటలన్నీ ఆమే మాట్లాడుతోంది. "ముగ్గుర్ని కన్నది. ముగ్గుర్నీ మన్నుల పెట్టినం. ఇగ ఇది గూడ పోతే నా కొడుకు బీరన్న ఆగమైతడు."

"ముట్టు సక్కగ వస్తున్నదా అవ్వా?"

సాయమ్మ చూపు గోడ మీదికి పోయింది. "లేదు దొరా."

ఈ థైరాయిడ్ జబ్బులో అది మామూలే. జనార్దన్ తల ఊపి, పట్నం నుంచి తెప్పించిన కొత్త సీసా తీశాడు. థయోయురాసిల్. సూర్యాపేటకు ఆ మందు రావడం అదే మొదలు. రజాకార్ల గోల సద్దుమణిగి బస్సులు మళ్ళీ తిరగబట్టి అదన్నా వచ్చింది.

గొంగళ్ళు నేసుకునే గొర్లకాపరుల ఇంటివాళ్ళకు గ్రంథులూ రసాలూ అంటే ఏం తలకెక్కుతుంది? వాళ్ళకు తెలిసిన పనితోనే చెప్పాడు.

"నీ కోడలి మెడల ఒక మగ్గం ఉన్నదనుకో అవ్వా. ఆగకుండ గొంగళ్ళు నేస్తున్నది. ఈ మాత్ర పడితే ఉన్ని ఎంతున్నా మగ్గం ఆడది. నేత బంద్. గాని ఇప్పటికే నేసి పేర్చినయి ఉన్నయి గద, అవి ఖతం అయ్యేదాంక దడ పోదు. ఓపిక పట్టాలె. ఇంట్ల ఇంకెవ్వరికీ ఇయ్యొద్దు. జబ్బు లేని మనిషి మింగితే మంచి మెడ గూడ ఉబ్బుతది."

"ఎవ్వలకియ్య దొరా, నీ కాల్మొక్త."

వారం తిరక్కముందే వాళ్ళ ఊరు ఆత్మకూరు నుంచి కబురొచ్చింది. సైకిలెక్కి పోయాడు. కొమురమ్మ మంచంలో ఎగిరెగిరి పడుతోంది. గుండె చప్పుడు గడప దాకా వినిపిస్తుందేమో అన్నట్టుంది.

"ఏదన్న సూదెయ్యి దొరా," అన్నాడు బీరన్న. తలపాగా తీసి రెండు చేతుల్లో నలుపుతున్నాడు.

"దీనికి సూది లేదు బీరన్నా. నేసినయి అయిపోవాలె."

జనార్దన్‌కు జబ్బు తెలుసు, మందు తెలుసు, అది ఎలా పనిచేస్తుందో కూడా తెలుసు. తెలిసి ఏం లాభం? మంచం పక్కన చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఇంతకన్నా తెలియకుండా ఉంటేనే నయమనిపించింది. పొద్దుగూకేదాకా కూర్చుని, మాత్రలు మాత్రం మానొద్దని చెప్పి లేచాడు.

మానలేదు. సాయమ్మ దగ్గరుండి మింగించింది. నెల దాటాక మళ్ళీ దవాఖానకు తీసుకొచ్చింది. కాగితం పరిస్తే కదల్లేదు. జనార్దన్‌కు కళ్ళు చెమర్చాయి.

"మొఖం నిండింది కొమురమ్మా. ఒళ్ళు జేసినవ్."

సాయమ్మ గబుక్కున లేచి కోడలి గొంగడి సర్దింది. "అట్ల అనకు దొరా. మా ఇంట్ల మంచిమాట బయటికి ఎల్లితె నిలువది."

జనార్దన్ నవ్వుకున్నాడు. దిష్టి భయం! మందు చేసిన పనికి ఈ ముసలమ్మ ఎక్కడ దిష్టి దీస్తుందో.

ఆ తర్వాత కోడలు రాలేదు. నెలనెలా మాత్రల కోసం సాయమ్మ ఒక్కతే వచ్చేది. "మంచిగున్నది, నడుస్తున్నది," అనేది. ఒక మనిషిని బతికించానని మిర్యాలగూడలో ఉన్న దోస్తు దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు కూడా. చెప్పుకోడా మరి!

చలి ముదిరిన ఒక పొద్దున సాయమ్మ ఉరుక్కుంటూ వచ్చింది. చెప్పులు లేవు. రొమ్ముకు ఒక గొంగడి అదుముకుంది.

"ఏమైంది అవ్వా? కొమురమ్మకు తిరగబెట్టిందా?"

"అది మంచిగున్నది దొరా. దడ లేదు, వణుకు లేదు."

"మరెందుకు ఏడుస్తున్నవ్?"

సాయమ్మ గొంగడిని బల్ల మీద పెట్టింది. "నీకు గూడ చెప్పకుంట దాసినం దొరా."

ఆమె మడత విప్పింది. కొమురమ్మ కడుపులో ఉండి, ఆమె మింగిన ప్రతి మాత్రలోనూ పాలు పంచుకుని ఆ తెల్లవారే పుట్టిన మగబిడ్డ, ఉబ్బిపోయిన మెడతో, ఏడుపు పెగలక డాక్టరు వైపు నోరు తెరిచి ఉన్నాడు.