గేరు నూనె పరీక్ష

“రేపు పరీక్ష,” అన్నాడు బస్సు యజమాని దశరథం.

క్లీనరు భీమయ్య చెవిలో అది ‘శిక్ష’ అని పడింది.

“ఎవరికి, దొరా?”

“నూనెకు! కొత్త గేర్లు ఉత్తగనే అరుగుతయా? పట్నం నుంచి పరీక్ష చేసేటాయన వస్తుండు. కల్తీ అని తేలిందనుకో, డబ్బా తాళంచెవి ఉండేది అబ్రహాం తాన. నౌకరీ ఊడుతది, జైలు గూడ చూస్తడు.”

యుద్ధం రోజులు. వనపర్తి నుంచి ఆత్మకూరుకు నడిచేది ఆ ఒక్క బస్సే. గేర్లు అరిగి అదీ షెడ్డులో కూర్చుంది. దొర గడపకు తిరిగి తిరిగి డ్రైవరు అబ్రహాం చెప్పులూ అరిగాయి.

“నేనేం చెయ్యలే భీమన్నా. నీకు తెల్సు గద!”

తెలుసు. అదే బాధ. అబ్రహాం నమ్మి ఇచ్చిన తాళంచెవితోనే భీమయ్య ముంతెడు నల్ల నూనె తీసి, తన ఎడ్లబండి ఇరుసుకు పూసుకున్నాడు. వెలితి కనపడకుండా ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన పోశాడు. బండికి బస్సు నూనె, బస్సుకు బండి కందెన! ఆ రోజు నుంచి బండి కిర్రుమనడం మానేసింది. మనసు మొదలుపెట్టింది.

మర్నాడు పరీక్షాయన షెడ్డులో స్టవ్వు వెలిగించాడు.

“భూమిలోంచి తీసిన నూనెను కాస్టిక్ సోడాలో ఎంత ఉడికించినా సబ్బు కాదు. గింజల నూనె అయితే నురగ కక్కుతుంది.”

గుమ్మం బయట నిలబడ్డ భీమయ్యకు ఆయన వీపే కనపడుతోంది. నూనెకు పరీక్ష, భీమయ్యకు అగ్నిపరీక్ష. పక్కన అబ్రహాం కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు.

వాసన వచ్చింది. ఆముదం! గిన్నె అంచు దాటి తెల్లగా నురగ పొంగింది.

దశరథం గిర్రున తిరిగాడు. “ఏందిరా అబ్రహాం ఇది?”

భీమయ్య పోయి దొర కాళ్ల మీద పడ్డాడు.

“వానికేం తెల్వదు దొరా! ముంతెడు నూనె తీసి కందెన కలిపింది నేనే!”

పరీక్షాయన వెనక్కి తిరిగి, చేతిలోని చిన్న సీసాను అందరికీ చూపించాడు.

“తొందరెందుకయ్యా, ఆముదమైతే నురగ ఎట్లా పొంగుతుందో మీకు ముందు చూపిద్దామని నేను తలకు రాసుకునే నూనె ఉడికించాను, మీ డబ్బా మూత ఇంకా తియ్యనేలేదు!”