పది గంటల రైలు

"ఏంటి మాస్టారూ, మొహం అలా వాడిపోయింది? పరుగెత్తేది నేనా, మీరా?" బూట్ల తాళ్ళు బిగించుకుంటూ అడిగాడు ఎవాల్డ్.

రిడ్‌మార్క్ నవ్వబోయి ఆగిపోయాడు. పొద్దున ఎనిమిదింటికి వచ్చిన టెలిగ్రాం ఆయన కోటు లోపలి జేబులో ఉంది. పంపింది ఎవాల్డ్ అక్క తెక్లా.

'నాన్నకు ఆఖరి ఘడియలు. తమ్ముడినే అడుగుతున్నాడు. మెల్లగా చెప్పి పది గంటల రైలెక్కించండి.'

ఇప్పుడు రెండున్నర కావస్తోంది.

నాలుగేళ్ళుగా మంచనక, వాననక, ఆఫీసు డ్యూటీ అయ్యాక ఎవాల్డ్‌ను పరుగెత్తించింది ఆయనే. ఇవాళ పదిహేను వందల మీటర్లలో గెలిస్తేనే స్వీడన్ జట్టులో చోటు. 'గెలిచాక చెబుదాం' అనుకున్నాడు.

పిస్తోలు పేలింది. మూడు చుట్లూ ఎవాల్డ్ నాలుగోవాడిగానే ఉన్నాడు. ఆఖరి మలుపులో బయటి వైపుకు జరిగి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, చేతి దూరం తేడాతో గెలిచాడు. యెవ్లె ఊరంతా టోపీలు ఎగరేసింది.

రిడ్‌మార్క్ చప్పట్లు కొట్టలేదు. సరిగ్గా అప్పుడే ఆయన చేతికి ఇంకో టెలిగ్రాం వచ్చింది.

బట్టలు మార్చుకునే గదిలో ఎవాల్డ్ ఒక్కడే కూర్చున్నాడు. రిడ్‌మార్క్ రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాడు.

"మీ నాన్న పోయాడయ్యా. రెండింటికి. మొదటిది పొద్దున్నే వచ్చింది. నేనే దాచాను. పది గంటల రైలెక్కి ఉంటే ఆయన్ని చూసుకునేవాడివి."

ఎవాల్డ్ కాగితాలు ముట్టుకోలేదు. మోచేతుల నుంచి చెమట బొట్లు నేల మీద రాలుతున్నాయి.

"కొట్టాలనుంటే కొట్టు. రేపటి నుంచి నా మొహం చూడక్కర్లేదు. మీ అక్కకు నేనే వెళ్ళి చెప్పుకుంటాను."

"అక్కకు మీరేం చెప్పుకోనక్కర్లేదు."

"ఎందుకు చెప్పుకోను? రైలు తప్పించింది నేను."

ఎవాల్డ్ మొదటి కాగితాన్ని ఆయన వైపు జరిపాడు.

"ఆ చేతిరాత ఎవరిదో చూడండి మాస్టారూ. పొద్దున టెలిగ్రాఫ్ ఆఫీసులో డ్యూటీ నాదే. తీగ మీద వచ్చిన ఆ కబురు రాసి మీకు పంపింది నేనే."