ప్రోగ్రాం వెనకాలే కాపలా

మేనేజరు గారికి, సర్వర్ గది కాపలా ముసలమ్మ చెప్పి రాయిస్తున్న ఫిర్యాదు.

మొన్న మన ఇంజినీరు గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. "మామ్మా, ఇక ఈ గదికి కాపలా అక్కర్లేదు. లోపల నడిచే ప్రోగ్రాంని వెబ్అసెంబ్లీ అనే పద్ధతితో బ్రౌజర్లోకి మార్చేశాం. ఇకమీదట అది ఎవరి కంప్యూటర్లో వాళ్లకే నడుస్తుంది" అన్నాడు.

"నీ కంప్యూటర్లో కూడానా?"

"భేషుగ్గా! ఇంట్లో కాళ్లు చాపుకొని నడుపుకుంటా."

నన్ను పెట్టింది ప్రోగ్రాంకి కాపలాగా, నాలుగు గోడలకి కాదు. అది ఎక్కడుంటే నేనూ అక్కడే. నా ఉద్యోగం ఊడబెరికేది ఎవరో నేనూ చూస్తాను.

స్టూలు చంకన పెట్టుకొని ఇంజినీరు ఇంటికే వచ్చేశాను. ఇక్కడా ఆ గది నియమాలే: చెప్పులు బయటే విప్పాలి, కాఫీ బయటే తాగాలి, ఏసీ మాత్రం ఆపకూడదు. అతని భార్య శాలువా కప్పుకొని మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతోంది.

ఈ ఫిర్యాదు రాస్తున్నది ఇంజినీరే. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా రాస్తున్నాడు. చివర తన మాట కూడా ఒకటి కలుపుతానంటే సరేనన్నాను.

"అయ్యా, మామ్మ చెప్పిందంతా నిజం. ప్రోగ్రాంని ఇవాళే సర్వర్ గదికి తిరిగి పంపేస్తాను. దయచేసి మామ్మని కూడా రమ్మనండి."